అరుగు మీద బూట్లు

నాకు అన్నిటికంటే పెద్ద భయం ఒకటుంది. నా కూతురు ఎక్కడైనా తప్పిపోతుంది, ఆ సంగతి నేను ఎవరికీ ఇంగ్లీషులో చెప్పుకోలేకపోతాను. చావంటే కూడా నాకింత భయం లేదు. దానికి ఇంగ్లీషు అక్కర్లేదు.

పదో తరగతి పరీక్షలు రాసిన వేసవిలోనే నాకు పెళ్ళి చేశారు. ఫలితాలు వచ్చేసరికి నేను అత్తవారింట్లో కందిపప్పులో రాళ్ళు ఏరుతున్నాను. అమెరికా వచ్చి, జయంతి పుట్టాక, ఈ భయం కోసమే ఒక వాక్యం కంఠతా పట్టాను. "మై డాటర్ ఈజ్ లాస్ట్. షీ ఈజ్ సిక్స్ ఇయర్స్ ఓల్డ్." దాని పుట్టినరోజు వచ్చినప్పుడల్లా అందులో ఒక్క మాట మారుస్తాను. ఫార్మింగ్టన్ హిల్స్‌లో సరుకులకు వెళ్ళినా, మాల్‌కి వెళ్ళినా, ఒక చేత్తో దాని చెయ్యి పట్టుకుని లోలోపల ఆ వాక్యం చదువుకుంటూ ఉంటాను.

"నీ పెదాలు కదలడం చూసి జనం మంత్రం వేస్తున్నావనుకుంటారు శశీ," అంటారు మా ఆయన.

అలాంటి నన్ను ఈ 83 లేబర్ డే సెలవులకి పొలాలూ అడవులూ పట్టుకు నడవడానికి తీసుకెళ్ళారు.

మా ఆయన కృష్ణమోహన్ కార్ల కంపెనీలో ఇంజనీరు. పొద్దున కారులో వెళ్ళి, పగలంతా కార్ల గురించి ఆలోచించి, సాయంత్రం కారులో తిరిగొస్తారు. డాక్టరు పొట్ట మీద వేలు పెట్టి నొక్కి, "మీరు నడవాలి," అన్నాడట. ఆఫీసులో ఎవరో ఒక చోటు చెప్పారు. మిషిగన్ ఉత్తరాన, ట్రావర్స్ సిటీ దాటాక, ఒక ఇంగ్లీషావిడ తన ఇంట్లో గదులు అద్దెకిస్తుంది. అక్కడికి వచ్చేవాళ్ళు నడవడం, టీ తాగడం తప్ప మరో పని చెయ్యరు.

"నడవడానికి అంత దూరం డ్రైవ్ చేసుకుని వెళ్ళాలట్రా మోహన్?" అన్నారు మా మామగారు యజ్ఞనారాయణ గారు. "మన వీధిలో రోడ్డు లేదూ?"

మామగారు వేసవిలో మా దగ్గరికి వచ్చారు. మా అత్తగారు వాళ్ళ చెల్లెలితో కాశీ బస్సెక్కారు, ఈయన విమానం ఎక్కారు. ఎవరికి ఎక్కువ పుణ్యం వచ్చిందో ఇంకా తేలలేదు.

రైస్ కుక్కరు, పులిహోర, పెరుగు, మామగారి ఆవకాయ జాడీ డిక్కీలో సర్దుకుని బయల్దేరాం. నడవడానికని మా ఆయన అందరికీ లేసుల బూట్లు కొన్నారు. నేను చీర కిందే వాటిని తొడుక్కున్నాను. ప్యాంటు కూడా కొంటానన్నారు కానీ, మామగారి ముందు ప్యాంటు వేసుకోవడం కంటే ఎలుగుబంటి ముందు చీరలో నిలబడటమే నయమనిపించింది.

శనివారం మధ్యాహ్నానికి చేరాం. రాతి గోడలు, నుదుటి మీదికి లాక్కున్న ముసుగులా కిందికి వాలిన కప్పు, గుమ్మం పక్కన గులాబీలు. ఇంటావిడ పేరు డోరతీ. అరవై అయిదు పైబడి ఉంటాయి. యుద్ధం రోజుల్లో ఇంగ్లండు వెళ్ళిన ఒక అమెరికా సైనికుణ్ణి పెళ్ళాడి వచ్చి, పుట్టింటి మీద బెంగ పెట్టుకున్నారట. ఆయన ఆ పుట్టింటి ఫోటో చూసుకుంటూ అలాంటి ఇల్లే ఇక్కడ కట్టిపెట్టాడు. ఇప్పుడాయన లేడు, పిల్లలూ లేరు, ఇల్లుంది. చుట్టుపక్కల రైతులతో మాట్లాడి, వాళ్ళ పొలాల అంచుల వెంట నడిచే దారులు కూడా పెట్టించుకున్నారు ఆవిడ. కంచె అడ్డొచ్చిన చోటల్లా ఎక్కి దిగడానికి చెక్క మెట్లున్నాయి.

గుమ్మాలు ఎంత కిందికి ఉన్నాయంటే, మా ఆయన లోపలికి వెళ్ళేటప్పుడొకసారి, బయటికి వచ్చేటప్పుడొకసారి తల కొట్టుకున్నారు. మామగారు పొట్టి. ఆయన నిటారుగా నడిచి లోపలికి వెళ్ళి, "ఈ ఇల్లు కట్టినవాడికి కొలతలు తెలుసు," అన్నారు.

నేను ఆవిణ్ణి డోరతీ గారూ అన్నాను. గారు అంటే ఏమిటని అడిగారు. పెద్దవాళ్ళ పేరు మేం ఒట్టిగా పలకం, పక్కన గారు చేరుస్తాం అని మా ఆయన చెప్పారు. ఆవిడకి అది బాగా నచ్చింది. సాయంత్రానికి స్టవ్ మీది కెటిల్‌ని కూడా కెటిల్ గారూ అని పిలవడం మొదలుపెట్టారు.

ఆవిడ ఇంగ్లీషు నాకు మిగతావాళ్ళ ఇంగ్లీషు కన్నా నయంగా అర్థమైంది. మాటకీ మాటకీ మధ్య కాస్త చోటుంది. కానీ అర్థమవడం వేరు, తిరిగి చెప్పడం వేరు. నేను నవ్వి, తల ఊపి గడిపేశాను.

ఆ ఇంటికి ఒకటే నియమం. వెనక అరుగు మీద పొడవాటి చెక్క బల్ల ఉంది. నడిచి వచ్చినవాళ్ళు బూట్లు అక్కడ విప్పి, వరసగా పెట్టి లోపలికి రావాలి. బూట్లుంటే మనిషి ఇంట్లో ఉన్నట్టు, లేకపోతే బయట ఉన్నట్టు. ఎవరినీ ఎక్కడికని అడగక్కర్లేదు. పొద్దు వాలేసరికి బల్ల మీద ఖాళీ కనిపిస్తే ఆవిడ ఇత్తడి గంట మోగిస్తారు, పక్క రైతుకి ఫోన్ చేస్తారు. ఒకసారి ఎవరో చీలమండ బెణికి కాలవ గట్టున పడిపోతే ఈ బల్లే చెప్పిందట. బల్ల చివర ఆవిడవే ఆకుపచ్చ రబ్బరు బూట్లు ఉన్నాయి.

మా ఆయన ఇదంతా తెలుగులో చెబితే మామగారు ఎంతో సంతోషపడ్డారు. "చెప్పులు బయట విప్పే ఇల్లు ఈ దేశంలో ఇదే చూడటం. ఈవిడ మనావిడే."

సంతోషపడ్డది నేను కూడా. ఒక్కసారి తొంగి చూస్తే అందరి లెక్కా తెలిసిపోతుంది, ఒక్క మాట మాట్లాడక్కర్లేదు. నాకోసమే పెట్టినట్టుంది ఆ నియమం.

ఆ సాయంత్రం చిన్న దారి ఒకటి నడిచాం. మా ఆయన మ్యాపు పట్టుకుని ముందు, మామగారు చేతులు వెనక్కి కట్టుకుని ఆయన వెనక, జయంతీ నేనూ చివర. జయంతికి వారం కిందటే కళ్ళజోడు వచ్చింది. ఇంకా అలవాటు కాలేదు, మెట్టు ఉన్న చోట లేదనుకుంటుంది, లేని చోట కాలెత్తుతుంది. కంచె మెట్ల దగ్గర బోర్లా పడబోతే మామగారు పట్టుకున్నారు.

"ఆరేళ్ళ పిల్లకి కళ్ళజోడేమిటే అమ్మాయ్," అన్నారు. "మా వంశంలో నేను తొంభై నంబరు దారం సూదిలోకి ఎక్కిస్తాను ఇప్పటికీ. పొన్నగంటి కూర పెట్టావా దానికి?"

"ఇక్కడ పొన్నగంటి కూర ఎక్కడ దొరుకుతుంది మామయ్యగారూ."

"పోనీ పొద్దున్నే మంచు పడ్డ గడ్డి మీద ఒట్టి కాళ్ళతో నడిపించావా? మా అమ్మ నన్నలాగే నడిపించేది. కంటికి దాన్ని మించింది లేదు."

"నాన్నా, అది ఐ పవర్. గడ్డితో తగ్గదు," అన్నారు మా ఆయన మ్యాపులోంచి తలెత్తకుండా.

"నీకు కార్ల సంగతి తెలుసు," అన్నారు మామగారు.

రాత్రి పెరుగన్నం తిని అందరం నిద్రపోయాం. నేను పడుకునే ముందు అరుగు మీదికి తొంగి చూశాను. బూట్లన్నీ ఉన్నాయి. చాలా రోజుల తర్వాత హాయిగా నిద్రపట్టింది.

తెల్లవారి లేచేసరికి పక్క మంచం మీద జయంతి లేదు. దుప్పటి నీటుగా మడత పెట్టి ఉంది. దిండు మీద కళ్ళజోడు ఉంది.

కళ్ళజోడు లేకపోతే నాలుగు బారల అవతల ఉన్నది నేనో ఎలుగుబంటో దానికి తెలియదు.

మామగారి గది చూశాను. ఖాళీ. మా ఆయన్ని లేపాను.

"బాత్రూమ్ చూశావా?"

"చూశాను."

"కిందికి దిగుంటారు. నాన్నకి కాఫీ టైమ్ అది."

"కింద ఎవరూ లేరండీ."

ఆయన కళ్ళు నులుముకుంటూ వచ్చి అరుగు మీదికి చూశారు. గుమ్మానికి తల కొట్టుకుని, తడుముకుంటూ, "అవిగో, నాన్న బూట్లు, నాన్న చెప్పులు, బుజ్జిదాని బూట్లు. అన్నీ ఉన్నాయి. ఈ ఇంట్లో మూలలు ఎక్కువ, ఎక్కడో ఆడుకుంటుంటారు. నీకు నిద్ర లేవగానే మొదలు," అన్నారు. అని, అటక మీద చూడటానికి వెళ్ళారు.

నేను వంటింట్లోకి పరిగెత్తాను. డోరతీ గారు కెటిల్‌లో నీళ్ళు పోస్తున్నారు. ఆరేళ్ళుగా దాచుకున్న వాక్యం, ఒక్క తప్పు లేకుండా, మా ఇంగ్లీషు మాస్టారు వింటే మెచ్చుకునేలా, బయటికి వచ్చింది.

"మై డాటర్ ఈజ్ లాస్ట్. షీ ఈజ్ సిక్స్ ఇయర్స్ ఓల్డ్."

ఆవిడ చేతులు తుడుచుకుని, అరుగు మీదికి వచ్చి, బల్ల వంక చూసి, నా భుజం తట్టారు. "ఆల్ బూట్స్ ఆర్ హోమ్, మై డియర్. ఎవరూ బయటికి వెళ్ళలేదు."

ఆ వాక్యం తర్వాత ఏం చెప్పాలో నేను ఎప్పుడూ నేర్చుకోలేదు. అది చెప్పగానే ప్రపంచమంతా పరిగెత్తుకొస్తుందనుకున్నాను.

చేతిలో జయంతి కళ్ళజోడు ఉంది. దాన్ని అది ఎందుకు తీసింది? నిద్రలేవగానే తగిలించుకోమని వారం నుంచి పోరుతున్నాను, మాట వింటోంది కూడా. ఎవరో తియ్యమంటేనే తీస్తుంది. పొన్నగంటి కూర గుర్తొచ్చింది. ఆ తర్వాత మాట గుర్తొచ్చింది.

జయంతి బూట్లు బల్ల మీంచి తీసి డోరతీ గారి ముందు పెట్టాను.

"షూస్ హియర్," అన్నాను. చీర కుచ్చిళ్ళు ఎత్తి నా ఒట్టి కాలు చూపించాను. "ఫీట్ అవుట్‌సైడ్."

ఆవిడ నా కాలు వంక చూశారు. బూట్ల వంక చూశారు. పొలం వంక చూశారు.

"బేర్‌ఫుట్?" అన్నారు నెమ్మదిగా. "ఈ చలిలోనా?"

"గ్రాండ్‌ఫాదర్," అన్నాను. అదొక్కటీ చాలింది.

ఆవిడ స్టవ్ ఆర్పేసి, గోడకున్న ఇత్తడి గంట తీసి, పైకి చూస్తూ మా ఆయన్ని ఒక్క కేక వేశారు. అంత సన్నటి మనిషికి అంత గొంతు ఉంటుందనుకోలేదు. మా ఆయన అటక మెట్లు దిగి, విషయం విని, ఈసారి తల వంచడం మర్చిపోకుండా బయటపడి, కారు తీసుకుని రోడ్డు వైపు వెళ్ళారు.

నేను అరుగు మెట్ల మీద నిలబడి చూశాను. పొలమంతా మంచు పట్టి వెండిలా తెల్లగా ఉంది. ఆ తెలుపులో ఇంటి దగ్గర నుంచి కంచె దాకా ఒక పచ్చటి చార. దాని పక్కనే సన్నగా ఇంకోటి. పెద్ద కాళ్ళవి ఒకటి, చిన్న కాళ్ళవి ఒకటి. చిన్న చార మధ్యమధ్యలో గంతులేసింది కూడా.

చెట్ల మీదికి ఎండ వచ్చేస్తోంది. ఎండ పడ్డ మేరకు మంచు ఆరిపోతోంది, చారలు మాయమవుతున్నాయి.

డోరతీ గారు కూడా చూశారు. తన ఆకుపచ్చ బూట్లు నా ముందుకు తోశారు. లేసులు కట్టుకునే వ్యవధి లేదని ఆవిడకి నాకంటే ముందు తెలిసింది. ఆ పడవల్లో కాళ్ళు పెట్టి, చీర ఎగదోపి, పరిగెత్తాను. వెనక గంట మోగుతూనే ఉంది.

మొదటి పొలం దాటాను. కంచె మెట్లెక్కి దిగాను. రెండో పొలంలో చార సగం దాకా ఉంది, మిగతా సగం ఎండ తినేసింది. ఎటు తిరిగి ఉందో చూసుకుని అటే వెళ్ళాను. మూడో పొలం కోత కోసిన గడ్డి పొలం. అక్కడ మంచూ లేదు, చారా లేదు, కొయ్యకాళ్ళు తప్ప. నిలబడిపోయాను. గంట చప్పుడు దూరంగా ఉంది.

అప్పుడు వినిపించింది, తెలుగు.

"ఆ తెల్ల మచ్చల దాని పేరు గౌరి. ఇటు చూస్తున్నది కపిల. ఏదీ, నువ్వు చెప్పు."

"గౌరీ. కపీలా. తాతయ్యా, దట్ వన్ ఈజ్ లుకింగ్ ఎట్ అస్."

పొలం చివర కంచె గేటు మీద, కాళ్ళు పైకి ముడుచుకుని, పక్కపక్కన కూర్చుని ఉన్నారు ఇద్దరూ. గేటు అవతల పది పన్నెండు ఆవులు వాళ్ళ వంక మెడలు చాచి చూస్తున్నాయి. జయంతి నోటి చుట్టూ నల్లరేగు పళ్ళ రంగు. మామగారి అరికాళ్ళు గీసుకుపోయి ఎర్రగా ఉన్నాయి.

ఆయన నన్ను చూసి, ఇంటి అరుగు మీద కూర్చున్నట్టే, "అమ్మాయ్, కాఫీ అయిందా?" అన్నారు.

నేను గేటు దాకా వెళ్ళి జయంతి రెండు కాళ్ళూ గట్టిగా పట్టుకున్నాను.

"మెత్తగా ఉందని వస్తూ వస్తూ ఇంత దూరం వచ్చేశాం," అన్నారు మామగారు, కొంచెం గొంతు తగ్గించి. "తీరా ఇక్కడికొచ్చాక ఇటు చూస్తే కొయ్యకాళ్ళు, అటు చూస్తే ఆవులు. పిల్లని ఎత్తుకుని ఇంతవరకూ తెచ్చాను. ఇంక నావల్ల కాలేదు. ఎవరో ఒకరు వస్తారులే అని కూర్చున్నాం."

"అమ్మా, నువ్వు కంచె దగ్గర ఉన్నప్పుడే నేను నిన్ను చూశాను," అంది జయంతి. "గ్లాసెస్ లేకుండా."

"విన్నావా? ఒక్క రోజుకే," అన్నారు ఆయన.

"ఎర్ర చీర కట్టుకున్నాను మామయ్యగారూ. మీ కపిలకి కూడా కనిపించి ఉంటాను."

ఆయన నవ్వలేదు. నా ముఖం చూసి, కండువాతో తన ముఖం తుడుచుకుని, "పొరపాటైందమ్మా. చెప్పి రావాల్సింది," అన్నారు. మామగారు నాతో అలా అనడం అదే మొదలు. ఆకుపచ్చ బూట్లు విప్పి ఆయన ముందు పెట్టాను.

"ఆడవాళ్ళవి," అన్నారు.

"కొయ్యకాళ్ళకి తెలియదులెండి."

ఆయన ఆ బూట్లలో, నేను ఒట్టి కాళ్ళతో జయంతిని చంకనెత్తుకుని తిరిగి వచ్చాం. పెళ్ళయ్యేదాకా చెప్పుల మొహం ఎరగని కాళ్ళు నావి. ఇన్నేళ్ళ కార్పెట్ మీద కూడా అవి ఏమీ మర్చిపోలేదు. రెండో పొలం దగ్గరే మా ఆయన రోడ్డు వైపు నుంచి రొప్పుకుంటూ ఎదురొచ్చారు. తండ్రి కాళ్ళకున్న బూట్లు చూశారు, నన్ను చూశారు. జయంతిని తీసుకోబోయారు. నేను ఇవ్వలేదు.

డోరతీ గారు మేజోళ్ళతో అరుగు మీద నిలబడి ఇంకా గంట ఊపుతూనే ఉన్నారు. మమ్మల్ని చూశాక ఆపి, మామగారిని కుర్చీలో కూర్చోబెట్టి, ఆయన కాళ్ళు తనే వేడినీళ్ళతో కడిగారు. ఆయన సిగ్గుతో చచ్చిపోయారు. మా ఆయన మధ్యలో కూర్చుని అటువి ఇటు, ఇటువి అటు చెప్పారు. ఎందుకు వెళ్ళారని ఆవిడ అడిగారు. మంచు గడ్డి సంగతి ఆయన చెప్పారు. ఆవిడకి కొన్నాళ్ళుగా కళ్ళు మసగ్గా ఉంటున్నాయట. "నాకు పనిచేస్తుందా?" అని అడిగారు.

"ఒక మండలం పాటు విడవకుండా నడవమను," అన్నారు మామగారు.

"నాన్నా," అన్నారు మా ఆయన.

"నువ్వు చెప్పు, అంతే."

మర్నాడు పొద్దున్నే ఇంటి వెనక గడ్డిలో, గోడ లోపలే, అందరం ఒట్టి కాళ్ళతో నడిచాం. ముందు మామగారు, వెనక లంగా పైకెత్తి పట్టుకుని డోరతీ గారు, ఆ వెనక జయంతి, కళ్ళజోడు పెట్టుకునే. అరుగు మీద బూట్లన్నీ వరసగా కూర్చుని మమ్మల్ని చూస్తున్నాయి.

బయల్దేరేటప్పుడు ఆవిణ్ణి నేనే అడిగాను, ముందుగా బట్టీ పట్టకుండా. మేం వెళ్ళాక మీ బూట్లు ఎవరు చూస్తారు, అని. ఆవిడ ఆలోచించి, "పోస్ట్‌మాన్, అతనికి బుద్ధి పుడితే," అని నవ్వేశారు.

ఇంటికి వచ్చినప్పటి నుంచి ప్రతి ఆదివారం, ఫోన్ రేట్లు తగ్గే వేళకి, ఆవిడకి ఫోన్ చేస్తున్నాను. పెద్దగా మాట్లాడేదేం ఉండదు. "బూట్స్ హోమ్?" అంటాను. "బూట్స్ హోమ్, శశి గారూ," అంటారు. పొద్దున్నే నడక మానలేదనీ, మామగారికి చెప్పమనీ అంటారు. చలి ముదిరింది, ఇంక ఆపండి అంటే వినరు. మండలం పూర్తి కావాలట.

పోయిన ఆదివారం ఫోను మోగి మోగి ఆగిపోయింది. మధ్యలో రెండుసార్లు చేశాను. నిన్నా అంతే. "ఎక్కడికో వెళ్ళుంటారులే," అంటున్నారు మా ఆయన. ఉండొచ్చు. ఆయన కంపెనీ పని మీద ఒహాయో వెళ్ళారు, నాకింకా లైసెన్సు రాలేదు. శనివారం గాని మేం కదలలేం. ఆవిడ పక్క రైతు నంబరు కూడా నేను అడిగి పెట్టుకోలేదు.

రేపే అచ్చవుతున్న ఈ మన తెలుగువాళ్ళ పత్రిక చదివేవాళ్ళలో ఆ వైపు ఆస్పత్రుల్లో పనిచేసే డాక్టర్లున్నారని విన్నాను. మీలో ఎవరైనా సరే, ట్రావర్స్ సిటీ దాటాక రాతి గోడల ఇల్లు ఎక్కడని అడిగితే ఎవరైనా చెబుతారు, ఒక్కసారి వెళ్ళి రండి. వెనక అరుగు మీద, బల్ల చివర, ఆకుపచ్చ రబ్బరు బూట్లు ఉంటాయి. అవి ఉన్నాయి కదా అని తిరిగి వచ్చేయకండి. తలుపు కొట్టండి. తియ్యకపోతే వెనక గడ్డిలోకి వెళ్ళి చూడండి. మనిషిని చూశాకే నాకు ఫోన్ చెయ్యండి.